రాత్రయినా చల్లబడని ఇల్లు

కాకినాడ నుంచి వచ్చి రెండేళ్ళయిందనీ, నిజాంపేటలో ఐదంతస్తుల బిల్డింగులో పైఫ్లోర్‌లో అద్దెకుంటున్నారనీ, ఇంట్లో బీపీ ఉన్న అత్తగారూ నాలుగేళ్ళ పాపా ఉన్నారనీ రాశారు. మీరు అడిగినవి రెండు. ఏటా రికార్డు ఎండలని టీవీలో చెబుతున్నారు కదా, వెనకటి రోజుల్లో హైదరాబాద్ వాళ్ళు ఏసీలు లేకుండా ఎలా తట్టుకున్నారన్నది ఒకటి. రాత్రి పన్నెండయినా గోడలు ముట్టుకుంటే వేడిగానే ఉంటున్నాయి, పాప నిద్రపోవడం లేదు, ఏం చెయ్యాలన్నది రెండోది. ఈ రెండూ నిజానికి ఒకే ప్రశ్నమ్మా. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

నేను సివిల్ ఇంజనీరుని. ముప్ఫై ఆరేళ్ళు ఇదే ఊళ్ళో ఇళ్ళు కట్టించాను. పుట్టిందీ పెరిగిందీ చిక్కడపల్లిలో.

ముందు రికార్డు సంగతి. బేగంపేట వాతావరణ కేంద్రంలో ఇప్పటిదాకా నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత 45.5 డిగ్రీలు. అది 1966 జూన్ 2న. రోహిణి కార్తె నడిమధ్య అన్నమాట. రోహిణిలో రోళ్ళు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. ఆ అంకె మాకు ఆ రోజు తెలియదు. తెలిసిందల్లా వాకిట్లో బండ మీద కాలు పెడితే బొబ్బలెక్కుతుందని, మా అమ్మ మధ్యాహ్నం మమ్మల్ని గడప దాటనివ్వలేదని. కానీ ఆ రాత్రి మేం నిద్రపోయాం. ఆ వేసవి అన్ని రాత్రులూ నిద్రపోయాం. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి డాబా మీద నీళ్ళు చల్లడం పిల్లల పని. నీళ్ళు పడగానే గచ్చు బుస్సుమని ఆవిరి వదిలేది. తొమ్మిదింటికి నవారు మంచాలు వేసేవాళ్ళం. తెల్లవారుజామున చలివేసి దుప్పటి వెతుక్కున్న రోజులు నాకు బాగా గుర్తు.

పగటి వేడి అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. మేలో ఇక్కడ సగటు గరిష్ఠం 39, 40 మధ్య ఉంటుంది, 43 దాటే రోజులు వెనకా ఉన్నాయి. ఊరిలో బాగా మారింది రాత్రి. పగలు తిన్న వేడిని ఊరు రాత్రి వదిలించుకోలేకపోతోంది. మనిషి ఒంటికి రోజంతా పడ్డ శ్రమ తీరేది రాత్రే కాబట్టి, రాత్రి చల్లబడకపోతే నిన్నటి అలసట మీద ఇవాళ్టి ఎండ పడుతుంది. మూడు నాలుగు రోజులు వరసగా అలా జరిగితే ముసలివాళ్ళు కూలబడిపోతారు. కాబట్టి మీ ఇంట్లో మీరు పోరాడాల్సింది మధ్యాహ్నం రెండు గంటల ఎండతో కంటే రాత్రి పదింటి వేడితో ఎక్కువ.

ఎందుకిలా అయిందో ఒక్క మాటలో చెప్పలేను. ఊరి పేర్లు చూడండి: బాగ్ లింగంపల్లి, బషీర్‌బాగ్, జాంబాగ్. బాగ్ అంటే తోట. తోటలు పోయి పేర్లు మిగిలాయి. మాసబ్ ట్యాంక్ ఒకప్పుడు నిజంగానే చెరువు. చెట్టూ చెరువూ పగలంతా నీటిని ఆవిరి చేస్తూ గాలిలో వేడిని లాగేసేవి. వాటి చోట తారు, సిమెంటు, అద్దాలు వచ్చాయి. దానికి తోడు ప్రతి ఏసీ తన గదిలో వేడిని తీసుకెళ్ళి వీధిలో పోస్తుంది. ఇరుకు సందులో ఎదురెదురుగా ఇరవై ఏసీలు నడుస్తుంటే ఆ సందులో నిలబడి చూడండి, తెలుస్తుంది.

ఇళ్ళు కట్టే పద్ధతి కూడా మారింది. అందులో నా చేతులు కూడా ఉన్నాయి. మా చిక్కడపల్లి ఇల్లు డంగు సున్నంతో, అంటే గానుగలో ఇసుకతో కలిపి నూరిన సున్నంతో కట్టింది. గోడలు అడుగున్నర మందం, పైకప్పు పద్నాలుగు అడుగుల ఎత్తు, కప్పు కిందే వెంటిలేటర్లు, కింద షాబాద్ బండలు, నడిమధ్య ఆకాశం కనిపించే వాకిలి. వేడిగాలి పైకి లేచి వెంటిలేటర్ల నుంచి పోయేది. ఆ మందం గోడకి వేడి లోపలికి చేరేసరికి పొద్దు పోయేది, అప్పటికి మేం బయట పడుకునేవాళ్ళం. మా నాన్న పనిచేసే ఆఫీసులో కిటికీలకి వట్టివేళ్ళ తడికలు కట్టి, వాటి మీద నీళ్ళు చల్లడానికి ఒక మనిషిని పెట్టేవాళ్ళు. ఆ వాసన ఇప్పటికీ నాకు మే నెల వాసనే.

అయితే ఆ రోజులు స్వర్గమని నేను అనను. ఇంట్లో చల్లని చోట్లన్నీ మగవాళ్ళవి, పిల్లలవి. మా అమ్మ ఏప్రిల్, మేలలో కూడా కట్టెల పొయ్యి ముందు రోజుకి ఐదారు గంటలు కూర్చుంది. మధ్యాహ్నం ఆమె చీర కొంగు తడిపి మెడ మీద వేసుకోవడం చూసేవాణ్ణి, అదేదో అలవాటనుకున్నాను. ఆమె ఎంత ఓర్చుకుందో నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. వడదెబ్బ తగిలి పోయినవాళ్ళని అప్పుడు ఎవరూ లెక్కపెట్టలేదు కూడా. 'ఎండకి పోయిండు' అనేవాళ్ళు, అంతే.

ఇక మీ ఇల్లు. మీ నెత్తిన ఉన్నది ఐదంగుళాల కాంక్రీటు స్లాబు అనుకుందాం. వెయ్యి చదరపు అడుగుల స్లాబు బరువు సుమారు 28 టన్నులు. మే ఎండలో దాని పైముఖం 60 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడి కిందికి దిగడానికి నాలుగైదు గంటలు పడుతుంది. అందుకే మధ్యాహ్నం రెండింటికి మీ సీలింగ్ కాస్త నయంగా ఉండి, రాత్రి ఏడు నుంచి పదకొండు దాకా కాలిపోతుంది. ఫ్యాన్ వేస్తే అది ఆ సీలింగ్ కింద గాలినే మీ మీదకి తోస్తుంది. మీకు రాత్రి ఫ్యాన్ గాలి సెగలా తగులుతోందంటే కారణం అదే, ఫ్యాన్ పాడైపోయి కాదు.

కాబట్టి మొదటి పని డాబా మీద. అక్కడ ఖర్చుపెట్టిన ప్రతి రూపాయి కింద పది రూపాయల పని చేస్తుంది. డాబా తెల్లగా ఉంటే ఎండలో చాలా భాగం వెనక్కి పోతుంది, స్లాబులోకి దిగదు. అన్నిటికంటే చవకైనది మామూలు సున్నం. రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడకట్టి, అంటుకోవడానికి ఫెవికాల్ లాంటి జిగురు కలిపి రెండు కోట్లు కొట్టించండి. ముందు డాబా శుభ్రంగా కడిగి ఆరనివ్వాలి, దుమ్ము మీద కొడితే వారంలో పొరలుగా లేస్తుంది. వానాకాలం పూర్తయ్యేసరికి ఈ సున్నం సగం పోతుంది, ప్రతి మార్చిలో మళ్ళీ కొట్టాలి. కొంచెం ఎక్కువ పెట్టగలిగితే షాపుల్లో కూల్ రూఫ్ పెయింట్ అని అడగండి, అది కొన్నేళ్ళు ఉంటుంది. సొంత ఇల్లున్నవాళ్ళకి నేను చెప్పేది తెల్ల టైలు ముక్కలతో చైనా మొజాయిక్. ఒకసారి పరిస్తే మళ్ళీ చూసుకోనక్కర్లేదు, లీకేజీ కూడా తగ్గుతుంది.

ఇది నా సొంత నమ్మకం మాత్రమే అనుకోకండి. ఈ ఊళ్ళోనే దేవరకొండ బస్తీలో 2017లో పాతిక చిన్న ఇళ్ళ కప్పుల మీద తెల్లటి పొర పరిచి చూశారు. పక్కనున్న మామూలు ఇళ్ళతో పోలిస్తే లోపల సగటున రెండు డిగ్రీలు తక్కువగా తేలింది. రెండు డిగ్రీలంటే వినడానికి చిన్నదే. రాత్రి పదకొండింటికి పాప పడుకోవడానికీ, ఒంటిగంట దాకా ఏడవడానికీ మధ్య తేడా చాలాసార్లు అంతే. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ పాలసీ కూడా తెచ్చింది. 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలంలో కట్టే కొత్త ఇళ్ళకి ఇలాంటి కప్పు తప్పనిసరి చేసింది. మీ ఓనర్‌తో మాట్లాడేటప్పుడు ఈ మాట పనికొస్తుంది. ఖర్చు పైఫ్లోర్ వాళ్ళు పంచుకుంటామని చెబితే చాలామంది ఓనర్లు కాదనరు.

డాబా మీద నీళ్ళు చల్లడం ఇప్పటికీ పనిచేస్తుంది, కానీ వేళ ముఖ్యం. మండే మధ్యాహ్నం కాలిన స్లాబు మీద గుమ్మరించకండి, ఒక్కసారిగా వేడీ చల్లా తగిలితే సన్న పగుళ్ళు వస్తాయి, వానాకాలంలో అవే కారతాయి. పొద్దు గూకాక చల్లండి. లెక్క చెబుతాను: పది లీటర్ల నీరు పూర్తిగా ఆవిరైతే ఆ 28 టన్నుల స్లాబు నుంచి దాదాపు ఒక డిగ్రీ వేడిని లాగేస్తుంది. కొంత వేడి గాలి నుంచి కూడా తీసుకుంటుంది కాబట్టి అచ్చంగా అంతే రాదు, అయినా నాలుగు బకెట్లతో తేడా మీకే తెలుస్తుంది. ట్యాంకరు కొనుక్కునే ఈ రోజుల్లో మంచినీళ్ళు పోయమని చెప్పను. వాటర్ ఫిల్టర్ నుంచి వృథాగా పోయే నీళ్ళు, బియ్యం కూరగాయలు కడిగిన నీళ్ళు పగలంతా బకెట్లలో పట్టి పెట్టుకోండి.

తర్వాత కిటికీలు. మీది కాకినాడ కాబట్టి కిటికీలు ఎప్పుడూ తెరిచే అలవాటు ఉంటుంది, అక్కడ సముద్రపు గాలి వస్తుంది కనక అది సరే. ఇక్కడ పగలు పదింటి నుంచి సాయంత్రం ఆరు దాకా మూసేయండి, బయట గాలి మీ గదికంటే వేడి. ఆరు దాటాక అన్నీ బార్లా తెరవండి. పడమటి కిటికీకి లోపల పరదా వేస్తే సగం పనే అవుతుంది, ఎండ అద్దం దాటి లోపలికి వచ్చేసింది కదా. అడ్డు బయట ఉండాలి. వెదురు చిక్ (చుట్టి పైకి కట్టుకునే వెదురు తెర) గానీ, నర్సరీల్లో వాడే గ్రీన్ నెట్ గానీ గ్రిల్‌కి బయటి నుంచి కట్టించండి. రాత్రి వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, బెడ్‌రూమ్ కిటికీ తెరిచి ఉంచితే బయటి చల్లగాలి ఇల్లంతా దాటుకుంటూ పోతుంది. మా పాత వెంటిలేటర్లు చేసిన పని అదే.

కూలర్ కొన్నామనీ లాభం లేదనీ రాశారు. తలుపులన్నీ మూసి గది మధ్యలో పెట్టారేమో ఒకసారి చూడండి. కూలర్ నీటిని ఆవిరి చేసి చల్లబరుస్తుంది. ఆ తేమ గాలి బయటికి పోయే దారి లేకపోతే అరగంటలో గది కాకినాడ అయిపోతుంది. కూలర్ వెనక భాగం కిటికీకి ఆనించి బయటి గాలి పీల్చేలా పెట్టి, ఎదురు కిటికీ జానెడు తెరవండి. మేలో ఇక్కడ 42 డిగ్రీలు ఉన్నప్పుడు గాలిలో తేమ 20 శాతం దగ్గర ఉంటుంది. అలాంటి రోజున మంచి కూలర్ 28, 30 డిగ్రీల గాలి ఇస్తుంది. మీ ఊళ్ళో ఎంత పెద్ద కూలర్ కొన్నా ఇది సాధ్యం కాదు. మిరుగు (మృగశిర కార్తె) దాటి వానలు పడ్డాక మాత్రం ఇక్కడా దండగే, తీసి కడిగి అటక మీద పెట్టండి. ఇంకొక మాట. నీళ్ళు పోసేటప్పుడు ప్లగ్ తీసి పోయండి, ఇనుప బాడీ అయితే ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. పాప చెయ్యి పెట్టే ఎత్తులోనే ఉంటుందది. వారానికోసారి నీళ్ళు పూర్తిగా వంపేయాలి, లేకపోతే దోమలు.

ఏసీ ఉంటే వాడండి, అత్తగారి కోసం వాడుకోవడంలో తప్పేమీ లేదు. 26లో పెట్టి చిన్నగా ఫ్యాన్ వేస్తే చాలు.

ఇప్పుడు ఒంటి సంగతి. ఇది మీరు అడగలేదు, కానీ కోస్తా నుంచి వచ్చినవాళ్ళకి నేను తప్పకుండా చెప్పేది ఇదే. మీ దగ్గర ఉక్కపోత. చెమట కారుతుంది, చిరాకు పుడుతుంది, దాహం వేస్తుంది, మనిషి నీడకి పోతాడు. ఇక్కడిది పొడి ఎండ. చెమట పట్టిన సంగతి తెలియకముందే ఆరిపోతుంది. ఒళ్ళు పొడిగా ఉంది కాబట్టి బాగానే ఉన్నామనుకుంటాం, లోపల నీళ్ళు అయిపోతుంటాయి. దాహాన్ని నమ్ముకోకండి. మూత్రం ముదురు పసుపుగా వస్తే నీళ్ళు చాలలేదని లెక్క. పాపకి గంటకోసారి గుర్తుపెట్టుకుని ఇవ్వండి. మజ్జిగ, అంబలి, సబ్జా నీళ్ళు, తాటిముంజలు, ఏదైనా మంచిదే. విరేచనాలు గానీ నీరసం గానీ ఉంటే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలిపి ఇవ్వండి, చెంచా తలగొట్టి కొలవాలి. అత్తగారికి మాత్రం ఉప్పు కలిపినవి మీ అంతట మీరు ఇవ్వకండి. బీపీ మందుల్లో కొన్ని మూత్రం ఎక్కువ పోయేలా చేస్తాయి, ఎండాకాలంలో డోసు మార్చాలా అని డాక్టర్‌ని ఒకసారి అడగండి. ఏప్రిల్‌లోనే అడగడం మంచిది.

2015 మే ఆఖరి వారం. ఆ నెల ఎండలకి దేశంలో రెండు వేలమందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్ళే. నా సైటులో మూడో అంతస్తు సెంట్రింగ్, అంటే స్లాబు పొయ్యడానికి కింద చెక్కలు బిగించే పని జరుగుతోంది. మధ్యాహ్నం మూడింటికి ఒక కుర్రాడు తూలుతూ దిగాడు. అడిగినదానికి సంబంధం లేని జవాబులు చెప్పాడు, నాలుక మడతపడింది. పొద్దున్నే తాగొచ్చాడని మేస్త్రీ కసిరాడు. నేనూ అలాగే అనుకున్నాను. నీడలో కూర్చోబెట్టి నా పనికి నేను వెళ్ళాను. పది నిమిషాల తర్వాత ఒక ముసలామె, ఇటుకలు మోసే ఆమె, వాడి నుదురు ముట్టుకుని కేకేసింది. ఒళ్ళు పెనంలా ఉంది. అప్పుడు సిమెంటు పని తడపడానికి వాడే క్యూరింగ్ పైపు తెచ్చి వాడి మీద నీళ్ళు పట్టాం, తడి గోనెపట్టాలు కప్పి అట్టముక్కలతో విసిరాం, సోడాబండి దగ్గర ఐసు తెచ్చి చంకల్లో, మెడ దగ్గర పెట్టాం. 108 వచ్చేలోపు కళ్ళు తెరిచాడు. బతికాడు. మళ్ళీ ఎండలో పని చెయ్యలేకపోయాడు, ఒక గోడౌన్లో కాపలాకి కుదిరాడు. ఆ పది నిమిషాలు నన్ను ఇప్పటికీ వదలవు.

వడదెబ్బ గుర్తు అదే అమ్మా: ఒళ్ళు కాలిపోతూ మనిషి మాట తేడాగా ఉండటం. మగతగా, కోపంగా, తికమకగా, తాగినట్టుగా. అది కనిపిస్తే థర్మామీటర్ కోసం వెతకొద్దు, పారాసిటమాల్ వెయ్యొద్దు, ఆ జ్వరానికి అది పనిచేయదు. ఒళ్ళంతా తడిపి విసరండి, 108కి ఫోన్ చెయ్యండి. స్పృహ లేకపోతే నోట్లో నీళ్ళు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గది 40 దాటినప్పుడు పొడి ఒంటి మీద ఫ్యాన్ వేస్తే వేడి పెరుగుతుంది కూడా. ఒళ్ళు తడిగా ఉంటేనే ఫ్యాన్ మేలు చేస్తుంది.

ఆ ఏడాది తర్వాత నేను మేలో పదకొండు నుంచి నాలుగు దాకా సైటులో పై పనులు ఆపించాను. ఈ వేళలు నేను కనిపెట్టినవి కావు. 1986లో రంజాన్ మేలో వచ్చింది, నేను కొత్తగా పనిలో చేరిన రోజులు. ఉపవాసం ఉన్న ముస్లిం మేస్త్రీలు సహరీ (తెల్లవారకముందు తినే భోజనం) కాగానే, ఇంకా వెలుగు రాకముందే పనికొచ్చి, పదింటికల్లా నీడలోకి వెళ్ళిపోయేవాళ్ళు. గోడ మాత్రం అందరికంటే ముందే లేచేది. 2018, 2019ల్లో రంజాన్ మళ్ళీ మే నెలకి తిరిగొచ్చినప్పుడు వాళ్ళ కొడుకులు నా సైటులో అవే వేళలు పాటించారు.

టీవీలో చెప్పే అంకెల గురించి. వాతావరణ శాఖ అంకె నీడలో, గాలి ఆడే తెల్ల పెట్టెలో, మనిషి ఛాతీ ఎత్తులో కొలిచింది. మీ బస్టాపులో తారు మీద అది ఎంతో ఎక్కువ. పైగా మైదానంలో 40 దాటి, మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువైతేనే వడగాలులని ప్రకటిస్తారు, లేదా ఏకంగా 45 దాటాలి. మేలో ఇక్కడ మామూలే 40 దగ్గర కాబట్టి 42 ఉన్న రోజు ఏ హెచ్చరికా రాకపోవచ్చు. హెచ్చరిక లేదని అత్తగారిని మధ్యాహ్నం బ్యాంకుకి తీసుకెళ్ళకండి. నేనైతే కనిష్ఠం ఎంతో చూస్తాను. వరసగా మూడు రాత్రులు 28కి తగ్గకపోతే మా ఇంట్లో పెద్దవాళ్ళ పనులన్నీ వాయిదా వేస్తాం.

మీ ఇంటికి పనికి వచ్చే ఆమె ఎక్కడుంటుందో అడిగారా? చాలామందివి రేకుల ఇళ్ళు. రేకుకి స్లాబులా నాలుగు గంటల ఆలస్యం కూడా ఉండదు, ఎండ పడ్డ నిమిషానే లోపల సెగ. మీ డాబాకి సున్నం కలిపినప్పుడు ఇంకో బకెట్ ఎక్కువ కలిపి ఆమెకి ఇవ్వండి, వాళ్ళ రేకుల మీద కొట్టుకుంటే మీకంటే వాళ్ళకే ఎక్కువ తేడా తెలుస్తుంది. రేకు మీద కాలు పెట్టి ఎక్కొద్దని, నిచ్చెన మీద నుంచి పొడుగు కర్రకి కట్టిన బ్రష్‌తో కొట్టమని చెప్పండి. పాత సిమెంటు రేకులు ఒక్క అడుగుకే విరిగి మనుషులు కిందపడ్డారు.

ఈ వారం చెయ్యగలిగినవి కిటికీలు, కూలర్ చోటు, సాయంత్రం డాబా మీద నీళ్ళు. అత్తగారి మంచం పడమటి గోడ నుంచి జరిపి గది మధ్యలో, వీలైతే కింద చాప మీద పడుకోబెట్టండి, నేల దగ్గర గాలి ఎప్పుడూ కాస్త చల్లగా ఉంటుంది. మోకాళ్ళ నొప్పులుంటే మంచమే మేలు. డాబా మీద నల్ల ట్యాంకు ఉంటే దానికి కూడా గోనెపట్టా చుట్టండి, పాప స్నానానికి ముందు నీళ్ళు చేత్తో ముట్టుకుని చూడండి. ఓనర్ సున్నానికి ఒప్పుకుంటే డాబా పొడవు వెడల్పులు, ఇప్పుడు పైన ఏముందో, ఉత్త సిమెంటో టైల్సో రాయండి. ఎంత సున్నం, ఎంత జిగురు పడుతుందో లెక్కవేసి చెబుతాను.